గరాజు కబుర్లు: చలికాలానికి మైనపు చొక్కా



పోయిన సంచికలో ఆయిల్ మార్పించడం గురించి రాసిన దగ్గర్నుంచి నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. గుడిలో ప్రసాదం దగ్గర వరసలో నిలబడ్డా "మీరు కార్ల గురించి రాసే ఆయన కదూ" అని పట్టుకుంటున్నారు. నేను మెకానిక్‌ని కానని, పగలంతా కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణేనని ఎంత చెప్పినా వినరు. సరే, ఈసారి కాంటన్ నుంచి ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న తీసుకుంటాను. "అన్నయ్యా, కొత్త బండి కొన్నాం. మిషిగన్‌లో మాకిది మొదటి చలికాలం. మంచు పడకముందే వ్యాక్సు వెయ్యమని పక్కింటాయన చెప్పాడు. దుకాణానికి వెడితే గోడ పొడుగునా డబ్బాలే. ఏది కొనాలి? మా వారేమో ఏదో ఒకటి తీసుకో అంటున్నారు."

అమ్మా, మీ వారి మాట సగం నిజం. ఏదో ఒకటి వేసినా అసలేమీ వెయ్యనిదానికన్నా నయమే. కానీ మన చలికాలం మూడు వారాల ముచ్చట కాదు. థాంక్స్‌గివింగ్‌కి మొదలైతే ఉగాది పచ్చడి తినేదాకా వదలదు. నవంబరులో వేసిన మైనం క్రిస్మసుకే కడిగేసుకుపోతే, ఆ తర్వాత చలిలో మళ్ళీ వెయ్యలేం. అందుకని ఎక్కువకాలం నిలిచేది ఏది అన్నదే అసలు ప్రశ్న.

దానికి ముందు ఉప్పు సంగతి కాస్త చెప్పుకోవాలి. ఉప్పు గురించి మాట్లాడే అర్హత నాకు పుట్టుకతోనే వచ్చింది. మాది శ్రీకాకుళం జిల్లాలో నౌపడ పక్కన ఒక పల్లె. నౌపడ అంటే ఉప్పు. చిన్నప్పుడు మా స్కూలుకి వెళ్ళే దారికి రెండు పక్కలా ఉప్పుమళ్ళే. ఎండాకాలంలో తెల్లటి కుప్పలు ఎండకి కళ్ళు జిగేల్మనిపించేవి. మా ఇంటి కిటికీ ఊచలకి నాన్నగారు ఏటేటా సంక్రాంతి ముందు రంగు వేయించేవారు. మళ్ళీ వినాయక చవితి నాటికి ఆ రంగు కింద తుప్పు పొక్కులు లేచేవి. ఆయన బజాజ్ చేతక్ స్కూటరుకి మాత్రం పొక్కు రానిచ్చేవారు కాదు. పాత పంచె ముక్కతో రోజూ తుడిచి, ఆదివారం ఆదివారం మడ్‌గార్డు లోపల చెయ్యి పెట్టి మరీ కడిగేవారు. లోపల ఎవరు చూస్తారు నాన్నా అంటే, "తుప్పు చూస్తుందిరా" అనేవారు.

అలాంటి ఊరినుంచి వచ్చి నేనెక్కడ స్థిరపడ్డాను? డెట్రాయిట్ పక్కన! ఈ నగరం కింద సుమారు 1,160 అడుగుల లోతున ఒక ఉప్పు గని ఉందని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. దాదాపు 1,500 ఎకరాల మేర, లోపల రోడ్లేసుకుని లారీలు తిరుగుతాయి. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడున్న సముద్రం ఎండిపోగా మిగిలిన ఉప్పు అది. పైన కార్లు తయారవుతాయి, వాటిని తినే ఉప్పు వాటి కిందే తవ్వుకుంటారు. ఈ ఊరి జాతకం అది!

ఉప్పు మంచుని ఎలా కరిగిస్తుందో పిల్లలు స్కూల్లో చదువుకునే ఉంటారు. ఉప్పు కలిసిన నీరు 32 డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, ఇంకా కిందికి దిగాలి. అయితే 15 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా చలి పెరిగితే మామూలు ఉప్పు బాగా మందగిస్తుంది. అప్పుడు కాల్షియం క్లోరైడు, మెగ్నీషియం క్లోరైడు లాంటివి నీళ్ళలా చల్లుతారు. ఇవి మరీ గడుసువి. గాలిలోని తేమని కూడా పీల్చుకుని తడిగానే ఉంటాయి. పొడిగా ఉన్న ఉప్పు ఇనుముని పెద్దగా ఏమీ చెయ్యదు. తడి తగిలితేనే దాని పని మొదలవుతుంది. అందుకే ఉప్పు కొట్టుకున్న బండిని వెచ్చటి గరాజులో పెడితే సుఖంగా ఉంటుందనుకోవడం పొరపాటు. బయట చలికి గడ్డకట్టి పడి ఉన్న ఉప్పు బురద లోపల కరిగి, రాత్రంతా ఇనుముని నానబెడుతుంది. బండికి గరాజు వద్దని కాదు నేననేది, కడిగి పెట్టమని.

ఇప్పుడు వ్యాక్సు. మన భాషలో మైనం. కారు రంగు పైన కంపెనీవాళ్ళు వేసే పారదర్శకమైన పూత ఒకటి ఉంటుంది, క్లియర్‌కోటు అంటారు. దాని మందం 40, 50 మైక్రాన్లు, అంటే ఇంచుమించు మన తలవెంట్రుకంత. కారు తళతళ అంతా అందులోనే ఉంది. మనం వేసే మైనం దాని పైన ఇంకా పల్చటి చొక్కా. ఉప్పు బురదా, రోడ్డు జిడ్డూ నేరుగా క్లియర్‌కోటుకి అంటుకోకుండా ముందు ఈ చొక్కాకి అంటుకుంటాయి. కడిగితే సులువుగా జారిపోతాయి. గట్టిగా రుద్దనక్కర్లేదు కాబట్టి గీతలు పడవు. మైనం చేసే మేలు ప్రధానంగా ఇదే. మైనం వేస్తే కారు తుప్పు పట్టదని డబ్బా మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా నమ్మకండి. ఆ సంగతి చివర్లో చెబుతాను, నాకు ఖరీదుగా తెలిసిన సంగతి.

దుకాణం గోడ మీద డబ్బాలు వందుండొచ్చు, జాతులు మాత్రం మూడో నాలుగో.

మొదటిది కార్నూబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీద ఏర్పడే మైనం ఇది. చూడ్డానికి ఆకులు మన తాటాకుల్లాగే విసనకర్రల్లా ఉంటాయి. అక్కడి ఎండకి ఆకులోని నీరు ఆవిరైపోకుండా చెట్టు తనకి తానే పూసుకునే పూత. ఆకులు కోసి, ఎండబెట్టి, కొట్టి ఆ పొడి రాలుస్తారు. సహజంగా దొరికే మైనాల్లో ఇంత గట్టిది ఇంకొకటి లేదు. సుమారు 180 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితేగాని కరగదు. ఉట్టి కార్నూబాని కారు మీద రుద్దలేం, రాయిలా ఉంటుంది. ద్రావకాలూ నూనెలూ కలిపి మెత్తబరుస్తారు. మెరుపంటే దీనిదే మెరుపు. నల్ల కారుకి వేసి చూడండి, అప్పుడే నూనె రాసి దువ్విన జడలా నిగనిగలాడుతుంది. అయితే ఆయుష్షు తక్కువ. ఉప్పు నీళ్ళూ సబ్బు నీళ్ళూ వారం వారం తగిలే మన చలికాలంలో ఆరు వారాలు నిలిస్తే గొప్ప. పెళ్ళికి పట్టుచీర లాంటిది. మంచులో పార పట్టుకున్నప్పుడు పట్టుచీర కట్టుకోం కదా.

రెండోది సీలెంటు. చెట్టునుంచి వచ్చింది కాదు, ప్రయోగశాలలో తయారైన పాలిమరు. మెరుపులో కాస్త పొడితనం ఉంటుందని కారు పిచ్చి ఉన్నవాళ్ళు పెదవి విరుస్తారు. నా కళ్ళకైతే పెద్ద తేడా కనబడలేదు. నాలుగైదు నెలలు నిలుస్తుంది. మూడోది ఈ రెండింటి సంకరం, కార్నూబాలో పాలిమర్లు కలిపినది. నాలుగోది ఈ మధ్య ఎక్కడ చూసినా వినిపిస్తున్న సిరామిక్ పూత. సిలికా ఆధారంగా తయారవుతుంది. నిపుణుల చేత వేయిస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. కానీ ఖర్చు వందల్లో మొదలై, ముందు రంగు పాలిష్ పట్టించడంతో కలుపుకుని వెయ్యి డాలర్లు దాటడం మామూలే. కొత్త బండి కొని పదేళ్ళు ఉంచుకుంటాం అనుకునేవాళ్ళకి ఆలోచించదగ్గదే. అది వేయించుకున్నా బండి కడగడం తప్పదు. సిరామిక్ వేశాం కదా అని జనవరి అంతా కడక్కుండా వదిలేసిన మిత్రుడొకరున్నారు. ఆయన పేరు చెప్పను, ఈ పత్రిక వాళ్ళింటికీ వెళుతుంది. సిరామిక్ అని పేరు పెట్టి సీసాల్లో అమ్మే స్ప్రేలు వేరు. వాటిని కడిగిన ప్రతిసారీ పైపైన కొట్టుకోవచ్చు, పనికొస్తాయి. వాటి మీదే భారం వెయ్యకండి.

ఇంకొకటి ఉంది, దాని జోలికి మాత్రం వెళ్ళకండి. ఒకే డబ్బాలో కడుగుడు, పాలిష్, మైనం అన్నీ చేసేస్తానంటుంది. అందులో సన్నటి రాపిడి పొడి ఉంటుంది. రుద్దిన చోట పాత మైనం కూడా లేచిపోతుంది, మిగిలే కొత్త మైనం నామమాత్రం. వేసవికి సరే, ఉప్పుకి చాలదు.

ఇక నా ఓటు. ఈ శీర్షికకి ఎవరూ డబ్బులివ్వరు కాబట్టి ధైర్యంగా పేరు చెబుతాను. న్యూయార్క్ రాష్ట్రంలో యూటికా అనే ఊళ్ళో 1936 నుంచి ఉన్న కొలినైట్ అనే చిన్న కంపెనీ ఉంది. వాళ్ళ 476ఎస్ అనే ముద్ద మైనం, 845 అనే ద్రవ మైనం రెండూ ఆ మూడో జాతివే. 845కి ఇన్సులేటర్ వ్యాక్స్ అని పేరు. కరెంటు స్తంభాల మీద పింగాణీ ఇన్సులేటర్లకి పూసే సరుకుగా దానికి ప్రసిద్ధి. యూటికాలో మంచు తక్కువేమీ కాదు, కాబట్టి చలికాలం సంగతి వాళ్ళకి తెలుసనే అనుకోవచ్చు. నేను పన్నెండేళ్ళుగా 476ఎస్ వాడుతున్నాను. అక్టోబరులో రెండు పూతలు వేస్తే మార్చి ఆఖరుకి కూడా బానెట్ మీద నీళ్ళు ముత్యాల్లా నిలబడుతున్నాయి. డబ్బా ఒకటి కొంటే మూడు నాలుగేళ్ళు వస్తుంది. నలుగురం హోటలుకి వెళ్ళి ఒక పూట దోసెలు తిన్న ఖర్చు కూడా కాదు.

కష్టం లేదా అంటే ఉంది. 476ఎస్ ముద్ద గట్టిది. మందంగా పూసి, ఫోను వచ్చిందని లోపలికెళ్ళి మాట్లాడి వచ్చారనుకోండి, ఆ తర్వాత దాన్ని తుడవడానికి ఊళ్ళో బంధువులందర్నీ పిలవాలి. ఒక తలుపు పూయండి, కాసేపాగి తుడవండి, తర్వాతే ఇంకో తలుపు. మొదటిసారి వేసుకునేవాళ్ళకి 845 సులువు. చలికి సీసాలో చిక్కబడితే గిన్నెడు వేణ్ణీళ్ళలో కాసేపు నిలబెట్టి బాగా కుదిపితే చాలు. కాంటన్ చెల్లెలికి నేను చెప్పింది 845.

ఎప్పుడు వెయ్యాలి? దీనికి మన పెద్దలు ముహూర్తం ఎప్పుడో పెట్టేశారు. ఆయుధ పూజ! దసరాకి వాహనాలు కడిగి బొట్టుపెట్టడం మన ఆనవాయితీ. ఆ రోజులకి ఇక్కడ పగలు సాధారణంగా 50 డిగ్రీల పైనే ఉంటుంది. 50 కన్నా చలిగా ఉంటే మైనం సరిగ్గా ఆరదు, తుడిస్తే చారలు పడుతుంది. మరీ ఎండలో కాలిపోతున్న రేకు మీద కూడా వెయ్యకూడదు. నీడలో, రేకు చేతికి చల్లగా తగులుతున్నప్పుడు వెయ్యాలి.

ముందు కడగాలి. రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో కార్ల సబ్బు నీళ్ళు, ఒకదాంట్లో మంచినీళ్ళు. గుడ్డ బండి మీద తిప్పాక ముందు మంచినీళ్ళలో జాడించి, తర్వాతే సబ్బు నీళ్ళలో ముంచాలి. లేకపోతే చక్రం దగ్గరి ఇసుక తెచ్చి బానెట్‌కి తోమినట్టే. ఆరాక పిల్లల్ని పిలవండి, వాళ్ళకో పరీక్ష. పల్చటి ప్లాస్టిక్ సంచీలో చెయ్యి పెట్టి, రంగు మీద వేళ్ళతో మెల్లగా నిమరమనండి. చేతికి నున్నగా తగిలే రంగు సంచీ లోంచి గరగరలాడుతుంది! ఆ గరుకు రోడ్డు మీది ఇనుప రజనూ తారూ గట్టిపడి అంటుకున్నది. మైనం దాని మీద వేస్తే నిలవదు. దాన్ని తియ్యడానికి క్లే బార్ అని దొరుకుతుంది, పిల్లలు ఆడుకునే బంకమట్టి లాంటిదే. సబ్బు నీళ్ళు జారుగా చల్లుతూ మెల్లగా రుద్దితే ఆ గరుకంతా అది తన లోపలికి తీసుకుంటుంది. పొరపాటున నేల మీద పడిందా, ఎంత ఖరీదైనా పారెయ్యండి. మళ్ళీ వాడితే ఇసుక కాగితమే. రాళ్ళు తగిలి రంగు లేచిన చుక్కలుంటే వాటికి టచప్ రంగు పెట్టి, బాగా ఆరనిచ్చి, ఆ తర్వాతే మైనం.

ఇక మైనం. పల్చగా, వీలైతే ఇంకా పల్చగా. మనవాళ్ళకి నెయ్యి వేసినట్టు ధారాళంగా వేసే అలవాటు. ఇక్కడ ఎక్కువ వేస్తే ఎక్కువ నిలవదు, తుడవడమే ఎక్కువ. పొగలా తెల్లబడ్డాక వేలితో గీసి చూడండి. గీత శుభ్రంగా వస్తే తుడవొచ్చు, జిడ్డుగా అలుక్కుంటే ఇంకాస్త ఆగాలి. తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డలే వాడండి. రెండో పూత మర్నాడు వెయ్యండి. నల్లటి ప్లాస్టిక్ అంచులకి మాత్రం మైనం తగలనివ్వకండి. తెల్లటి మరకలు పడి ఏళ్ళ తరబడి వెక్కిరిస్తాయి. ఈ మధ్య కొన్ని బళ్ళకి మెరుపులేని మ్యాట్ రంగు వస్తోంది, వాటికి ఇదేమీ వెయ్యకూడదు. యాక్సిడెంటయ్యి రంగు వేయించుకున్న బండి అయితే రెండు మూడు నెలలు ఆగమంటారు. మీ బాడీ షాపు వాళ్ళని అడిగి చెయ్యండి. కొత్త బండికి ఆ ఇబ్బంది లేదు.

పసుపు కుంకాల సంగతి అడక్కముందే చెబుతాను. పూజ మైనానికి తర్వాత పెట్టుకోండి. పసుపుతో ఓంకారం బానెట్ మధ్యలో కాకుండా అద్దం మీద రాయండి. దేవుడు ఎక్కడున్నా చూస్తాడు. బానెట్ మీద ఎండిన కుంకుమని పొడిగుడ్డతో తుడిస్తే సన్నగీతలు పడతాయి, పసుపైతే తెల్ల కారుని వదలనే వదలదు. మా తెల్ల బండి మీద మూడేళ్ళ కిందటి పసుపు ఇంకా ఉంది. మా ఆవిడ మాత్రం శుభమే కదండీ అంటుంది.

మైనం ఉందో పోయిందో చలికాలంలో ఎలా తెలుస్తుంది? తామరాకు మీద నీటిబొట్టు అంటాం కదా, అదే పరీక్ష. పిల్లలూ, తామరాకు మీదా చేమాకు మీదా ఉండేదీ మైనమే, దానికి తోడు కంటికి కనబడని బుడిపెలు. కడిగాక కారు మీద నీళ్ళు గుండ్రటి బొట్లుగా నిలిచి జారితే మైనం ఉన్నట్టు. తెల్లారేక పేడనీళ్ళు చల్లిన వాకిలిలా నీరంతా పరుచుకుపోతే పోయినట్టే. మా పిల్లలు చిన్నప్పుడు జనవరిలో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి బొట్లు ఎంత గుండ్రంగా ఉన్నాయో బొమ్మ వేసి, గరాజు గోడకి అంటించేవారు. అవి ఇంకా ఉన్నాయి.

చలికాలంలో మంచు తీసేటప్పుడు పారతో గానీ, వాకిలి ఊడ్చే చీపురుతో గానీ తియ్యకండి. అంత కష్టపడి వేసింది ఒక్క ఊపులో పోతుంది. మెత్తటి ఫోము తల ఉన్న బ్రష్షులు దొరుకుతాయి. పై మంచు తోసెయ్యండి, చివరి అంగుళం అలా వదిలెయ్యండి. పనిలో పనిగా తలుపుల రబ్బరుకి సిలికాన్ రాస్తే పొద్దున్నే తలుపు బిగుసుకుపోయి ఆఫీసుకి ఆలస్యం కాకుండా ఉంటుంది.

ఇప్పుడు ఇందాక దాచిన కథ.

నేను 1999లో ఇక్కడికి వచ్చి కొన్న మొదటి కారు అప్పటికే ఆరేళ్ళ పాతది. ముదురు ఎరుపు. నాన్నగారి చేతక్‌ని తలుచుకుంటూ దాన్ని తుడిచేవాణ్ణి. ఏటా రెండుసార్లు మైనం. అపార్టుమెంట్లో అందరూ దాన్ని చూసి కొత్తదనుకునేవారు. నాకు అదొక గర్వం. 2006 ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం, మా పెద్దవాడు నాలుగేళ్ళవాడు, వెనక సీట్లో ఉన్నాడు. తెలుగు బడి నుంచి వస్తున్నాం. మా సందు చివర ఎర్రలైటు దగ్గర బ్రేకు తొక్కాను. పెడలు మెత్తగా నేల దాకా దిగిపోయింది. ఇరవై మైళ్ళ వేగం కూడా లేదు. రెండోసారి తొక్కితే సగం పట్టింది. బ్రేకుల గొట్టాలు రెండు వేర్వేరు దారులుగా ఉంటాయట, ఒకటి పగిలినా రెండోది పని చేస్తుంది. హ్యాండ్ బ్రేకు లాగితే బండి కూడలి మధ్యలోకి వెళ్ళి ఆగింది. అటువైపు నుంచి వస్తున్నాయన హారను కొట్టి, పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయాడు. వెనకనుంచి మావాడు "మళ్ళీ చెయ్యి నాన్నా" అన్నాడు, వాడికదో ఆట.

మర్నాడు మెకానిక్ బండిని పైకెత్తి, నన్ను కిందకి పిలిచి టార్చిలైటు వేశాడు. పైన అద్దంలా మెరిసే కారు, కింద చూస్తే పుట్ట. బ్రేకు గొట్టాలు పాత అప్పడంలా పొరలు పొరలుగా రాలుతున్నాయి. ఆయన వేలితో నొక్కితే ఇంకో చోట చిల్లు పడింది. "బండి చాలా శుభ్రంగా ఉంచుకుంటారు" అన్నాడు. ఎగతాళికి అన్నాడో మర్యాదకి అన్నాడో ఇప్పటికీ తెలియదు. నాన్నగారు మడ్‌గార్డు లోపల చెయ్యి పెట్టి కడిగేది గుర్తొచ్చింది. నేను నేర్చుకున్నది పంచె ముక్కతో తుడవడం ఒకటే.

మిషిగన్‌లో బళ్ళకి ఏటేటా తప్పనిసరి భద్రతా పరీక్ష లేదు. కొన్ని రాష్ట్రాల్లో ఉంది. ఇక్కడ మీ బండి కింద ఏముందో మీరు చూడకపోతే ఇంకెవరూ చూడరు. 2015 ఏప్రిల్‌లో అమెరికా రహదారి భద్రతా సంస్థ పాత బళ్ళ బ్రేకు గొట్టాల తుప్పు గురించి ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. ఉప్పు వాడే రాష్ట్రాల్లో చలికాలమంతా బండి అడుగుభాగం కడిగిస్తూ ఉండమనీ, బ్రేకు గొట్టాలు పరీక్ష చేయించమనీ. నేను అది చదివి మా ఆవిడకి చూపిస్తే, మీకు తొమ్మిదేళ్ళ ముందే తెలుసుగా అంది.

అందుకని ఇప్పుడు నా లెక్క ఇది. మైనానికి ఒక పూట కేటాయిస్తే అడుగుకి రెండు పూటలు. చలికాలంలో పదిహేను రోజులకోసారి, ఎండ కాసి 32 దాటిన రోజు చూసి, కింద నుంచి నీళ్ళు చిమ్మే కార్ వాష్‌కి పట్టుకెళతాను. బ్రష్షులు తిరిగేవాటికి వెళ్ళను, గీతలు పడతాయి. బ్రష్షులు లేనివాటిలో సబ్బు ఘాటుగా ఉంటుంది, మైనాన్ని కొంచెం కొంచెంగా తింటుంది. తిననీ. గట్టి మైనం వేసుకున్నది అందుకే కదా. ఏప్రిల్లో ఉప్పు ఆగిపోయాక ఒకసారి గట్టిగా అడుగు కడిగిస్తాను. శీతాకాలం ముందు అడుగున జిడ్డు నూనె కొట్టిస్తాను. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్‌తో చేసినవి దొరుకుతాయి. అది కూడా ఒక రకం మైనమే, వాసన మాత్రం రెండు రోజులు మందలో పడుకున్నట్టుంటుంది. గట్టిగా రబ్బరులా ఆరిపోయే పూతని పాత బండికి వేయించకండి. అప్పటికే ఉన్న తుప్పుని దాని కింద మూతపెట్టినట్టవుతుంది. తలుపుల అడుగున నీళ్ళు కారడానికి చిన్న కన్నాలుంటాయి. అవి మూసుకుపోకుండా చూసుకోండి.

ఇవన్నీ ఈసారి ఇంత వివరంగా రాయడానికి కారణం మా అమ్మాయి. వచ్చే ఏడు ఆగస్టులో హౌటన్‌కి ఇంజనీరింగు చదవడానికి వెళ్ళాలని పట్టుబట్టి కూర్చుంది. మాకు 550 మైళ్ళు, మ్యాకినా వంతెన దాటి, లేక్ సుపీరియర్ దగ్గర. అక్కడ ఒక్కో శీతాకాలం 200 అంగుళాల పైన మంచు పడుతుంది. కారు కావాలంది. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదు, మా తొమ్మిదేళ్ళ బండి ఇస్తాం. ఆవిడకి నచ్చిన రంగే. పసుపు మరకతో సహా.

మొన్న దసరాకి మైనం తనచేతే వేయించాను. మూడు తలుపులయ్యేసరికి చేతులు నొప్పి అంది. సరే, మిగతాది నేను తుడుస్తాను, నువ్విలా రా అని ర్యాంపుల మీద బండి ఎక్కించి, చక్రాలకి అడ్డుగా దిమ్మలు పెట్టి, అట్టపెట్టె పరిచి, కింద పడుకోబెట్టాను. పిల్లలూ, ఇది పెద్దవాళ్ళు పక్కన లేకుండా, జాకీ మీద నిలబెట్టిన బండి కింద ఎప్పుడూ చెయ్యకండి. టార్చిలైటు ఇచ్చి బ్రేకు గొట్టం ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళుతుందో వేలితో చూపించమన్నాను. ముందు నుంచి వెనక దాకా చూపించింది. ఎడమ వెనక చక్రం దగ్గరికి వచ్చాక ఆగి, "నాన్నా, ఇక్కడ గోధుమరంగుగా ఉంది" అంది.

నేనూ పడుకుని చూశాను. జానెడు మేర పొక్కులు లేచాయి. సోమవారమే తీసుకెళ్ళి ఆ గొట్టం మార్పించాం. తుప్పు పట్టని నికెల్–రాగి గొట్టాలు దొరుకుతున్నాయి ఇప్పుడు, అవి వేయించమని అడగండి, ధరలో పెద్ద తేడా రాలేదు. నాలుగో తలుపుకి మైనం ఇంకా వెయ్యలేదు. ఈ వారాంతం 55 డిగ్రీలంటున్నారు.

వచ్చే సంచికలో స్నో టైర్లు. అన్నట్టు, బతుకమ్మ పండగ రోజు హాలు దగ్గర నా మైక్రోఫైబర్ గుడ్డల సంచీ, నీలంరంగుది, ఎవరో పొరపాటున పట్టుకెళ్ళారు. పూల బుట్టల కింద ఉందేమో కాస్త చూడండి.